ఖాళీ బండి బరువు

అక్కకి,

లారీలు తూచే కాటా గదిలోంచి తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, నా కుడి మోకాలు తప్ప.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. యార్డులో లారీల మీంచి పాత ఇనుము దించుతుంటే ఆ మోతలో నా మాట నాకే వినపడదు. ఇంట్లో మాట్లాడదామంటే నీ మరదలు వంటింట్లో ఉన్నా చెవులు మాత్రం హాల్లోనే ఉంటాయి. నువ్వు కూడా యార్డు అడ్రసుకే రాయి.

సంగతేమిటంటే, మోకాలికి ఆపరేషను తప్పదన్నాడు డాక్టరు. సరే కానివ్వండి అన్నాను. ముందు వంద కిలోల లోపలికి రమ్మన్నాడు. నేను నూట ఎనిమిది ఉన్నానట. ఇనుప మెట్లెక్కి కాటా గదికి చేరేసరికి నాకు దేవుడు కనిపిస్తున్నాడు. అది మా యజమాని కంట్లో పడింది. మెట్లెక్కలేని వాడికి కాటా గది ఎందుకు, గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చోమంటున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ గది నాది అక్కా. లారీవాళ్ళు కింద నిలబడి తలెత్తి నాతో మాట్లాడతారు. ఇప్పుడు ఆ స్టూలు మీద కూర్చుని నేను తలెత్తి మాట్లాడాలంటే చచ్చిపోయినంత పనవుతుంది.

తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బస్టాండు వెనకాల ఒళ్ళు తగ్గించే కంపెనీ. ఫీజు కడితే ఒకావిడ ఇంటికొచ్చి ఏం తినాలో, ఏం తినకూడదో చెబుతుందట. రెండోది, తిన్నదానికల్లా కేలరీలు లెక్క రాసుకోవడం. దీనికి పైసా ఖర్చు లేదు. నువ్వేమంటావు?

నీ తమ్ముడు

తా.క. నీ మరదలికి మోకాలి సంగతి తెలుసు, బరువు సంగతి తెలీదు. తెలిస్తే నా పళ్ళెం ఆవిడ చేతిలోకి పోతుంది. గుట్టుగా ఉంచు.

*

తమ్ముడికి,

కుట్టుమిషను మీంచి లేవకుండా అక్క రాస్తున్నది. ఇక్కడ మీ బావ, నేను క్షేమం. నీ క్షేమం మాత్రం నీ నోట్లోనే ఉంది.

మారుమాట లేకుండా కంపెనీలో చేరు. నా దగ్గర బట్టలు కుట్టించుకునే స్కూలు టీచరు అందులోనే చేరింది. ఆవిడ జాకెట్లన్నీ రెండుసార్లు బిగించి కుట్టాను. ఊరికే వచ్చేదాన్ని మనం లెక్క చెయ్యం. డబ్బు కట్టామనుకో, ఆ ఏడుపుకైనా నోరు కట్టుకుంటాం.

లెక్క రాసుకుంటావా? చిన్నప్పుడు నీకు బిస్కెట్లు పంచమని ఇస్తే, "అందరికీ రెండేసి, పంచినందుకు నాకు మరో రెండు" అనేవాడివి. నీ లెక్కలు నాకు తెలీవా?

మీ అక్క

తా.క. పోయిన ఏడాది నీ ప్యాంటు నడుము వదులు చేశాను. ఇక వదులు చెయ్యడానికి కుట్టులో గుడ్డ లేదు.

*

అక్కకి,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. నీ సలహా అందింది. అందుకే రెండో దారి పట్టాను.

కోప్పడకు. తూకం నా వృత్తి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ బరువులు తూచేవాణ్ణి, నా బరువు తూచమని ఇంకొకరికి డబ్బిస్తే యార్డంతా నవ్వదూ? కేలరీలు పద్ధతిగా రాస్తున్నాను. ఇంట్లో తిన్నది నా సరుకు, కాబట్టి లెక్కలోకి వస్తుంది. లారీ డ్రైవర్లు ప్రేమగా తెచ్చిపెట్టే కేకులూ జీడిపప్పులూ వాళ్ళ సరుకు. మర్యాదకి నోట్లో వేసుకుంటాను, నా ఖాతాలో ఎలా రాస్తాను? టీ కూడా రాయను. అది ద్రవం, ఉండదు.

బరువు చూసుకోవడం సంగతి అడుగుతావు. స్నానాల గదిలో పెట్టుకునే ఆ బరువు పలకలంటే నాకు నమ్మకం లేదు. వాటికి ముద్ర ఉందా, తూనికల అధికారి వచ్చి చూశాడా? చిల్లర ఇనుము తూచే మా చిన్న కాటాకి ప్రభుత్వ ముద్ర ఉంది. రెండు కిలోల తేడా కూడా పట్టేస్తుంది. కాకపోతే మనిషి ఒక్కడే ఎక్కితే అది లెక్కచెయ్యదు, కాస్త బరువుండాలి. నీ మరదలు రోజూ సాయంత్రం స్కూటరు మీద వచ్చి నన్ను తీసుకెళుతుంది కదా. ఆ బండిని కాటా మీదికి ఎక్కించాను. స్టాండు విరిగింది కాబట్టి ఆవిడ దిగడానికి లేదు. లారీని ముందు ఖాళీగా, తర్వాత సరుకుతో తూచినట్టే చేశాను. మొదటి రోజు స్కూటరు, దాని మీద నీ మరదలు కలిపి ఖాళీ బండి బరువు నూట తొంభై కిలోలు. రిజిస్టరులో రాసి పెట్టుకున్నాను. ఇక రోజూ వెనకాల నేనెక్కి కూర్చుంటాను, బయటి బోర్డు మీద మొత్తం పడుతుంది, అందులోంచి నూట తొంభై తీసేస్తే మిగిలింది నేను. ఆవిడ అడిగితే కాటా సరిగా ఉందో లేదో చూస్తున్నానని చెప్పాను.

నీ తమ్ముడు

తా.క. తినొద్దని చెప్పడానికి కూడా ఫీజు తీసుకునేవాళ్ళుంటారా అక్కా? నాన్న మనకి ఊరికే చెప్పేవాడు.

*

తమ్ముడికి,

కోపంగానే ఉన్నా క్షేమం కోరి అక్క రాస్తున్నది.

టీ ద్రవమని రాయలేదా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇలాగైతే ఆ స్టూలు నీకోసం తుడిచి పెట్టుకోమని మీ యజమానికి నేనే రాస్తాను.

నీతో వాదించి లాభం లేదని, ఇక్కడ ఆ కంపెనీకి ఉన్న ఆఫీసుకి వెళ్ళి నేనే ఫీజు కట్టేశాను. మీ ఇంటి అడ్రసిచ్చాను. పేరు రాయమంటే, మా తమ్ముడు సిగ్గరి, పేరొద్దు, ఇంటికెళ్ళి మీరే మాట్లాడండి అన్నాను. ఆవిడ వస్తుంది. పెద్దవాళ్ళ మాట ఒక్కసారైనా విన్నట్టుంటుంది, చెప్పినట్టు చెయ్యి. కట్టిన డబ్బు తిరిగివ్వరట, అది గుర్తుపెట్టుకో.

మీ అక్క

తా.క. మీ బావకి చెప్పలేదు. నాకు కొత్త మిషను కొన్నానని అనుకుంటున్నారు. ఈ పాత మిషనునే తుడిచి తుడిచి కొత్తదిలా పెడుతున్నాను.

*

అక్కకి,

విజయవంతుడైన తమ్ముడు రాస్తున్నది.

ముందు నీకో చేదు వార్త. నీ కంపెనీ నీ చెవిలో పువ్వు పెట్టింది. నెలలు గడిచాయి, ఇంతవరకు ఎవరూ రాలేదు. పొద్దున్నే నేను యార్డుకి వెళ్ళేటప్పుడు చూశాను, సాయంత్రం వచ్చాక చూశాను, ఆదివారం తలుపు తీసి పెట్టుకుని మరీ కూర్చున్నాను. రాలేదు. నీ మరదల్ని అడిగితే గుట్టు బయటపడుతుందని అడగలేదు.

ఇక తీపి వార్త. సరిగ్గా వంద కిలోలున్నాను. ఎనిమిది కిలోలు తగ్గాను, పైసా కట్టకుండా. అదీ కడుపు మాడ్చుకోకుండా. ఈ మధ్య నీ మరదలు నామీద ఎంత ప్రేమగా ఉంటోందనుకున్నావు? ఒకప్పుడు రెండో రొట్టె అడిగితే కళ్ళెర్రజేసేది, ఇప్పుడు అడక్కుండానే మూడోది వేస్తోంది. తన పళ్ళెంలో కూర కూడా నాకే తోసేస్తోంది. నాకు ఆకలిగా లేదండీ అంటుంది. నేను చిక్కిపోతున్నానని బెంగ పెట్టుకుందేమో పాపం.

మోకాలు మాత్రం ఇదివరకటికంటే ఎక్కువ నొప్పి పెడుతోంది. ఒళ్ళు తగ్గేటప్పుడు కీళ్ళు సర్దుకుంటాయి, అందుకే నొప్పి అని ఒక డ్రైవరు చెప్పాడు.

నీ తమ్ముడు

తా.క. ప్యాంటు ఇంకా వదులు కాలేదు. గుడ్డ ముడుచుకుపోయి ఉంటుంది. నాసిరకం గుడ్డ వాడకు.

*

తమ్ముడనే అబద్ధాలకోరుకి,

అక్క రాస్తున్నది. నా క్షేమం సంగతి తర్వాత.

నీ ఉత్తరం అందగానే గొడుగు పట్టుకుని కంపెనీ మీదికి వెళ్ళాను. ఎవర్ని మోసం చేస్తున్నారని నలుగురిలో అడిగాను. వాళ్ళు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాయితాలు తీసి చూపించారు. ఆవిడ వారం వారం మీ ఇంటికి వస్తూనే ఉందట. మీ ఇంట్లో చేరిన మనిషి పది కిలోలు తగ్గిందట. ఇంత శ్రద్ధగా మాట వినే మనిషిని మేం చూడలేదమ్మా అని నాకే దండం పెట్టారు.

ఇంత నాటకమా? చేరింది చేరావు, తగ్గింది తగ్గావు, నా డబ్బుతో తగ్గి లెక్కలు రాసుకుని తగ్గానని కోతలా? పైగా వాళ్ళు పది అంటున్నారు, నువ్వు ఎనిమిదంటున్నావు. ఆ రెండు కిలోలు ఎక్కడ దాచావు?

మీ అక్క

తా.క. నా గుడ్డ నాసిరకమా? నడుము నాలుగంగుళాలు తగ్గించి కొత్త ప్యాంటు కుట్టి పంపుతున్నాను. ఆపరేషనుకి అదే వేసుకెళ్ళు.

*

అక్కకి,

నిందలు మోస్తున్న తమ్ముడు రాస్తున్నది.

నీమీదొట్టు, ఆవిడెవరో, ఎర్రగా ఉంటుందో నల్లగా ఉంటుందో కూడా నేను చూడలేదు. ఇప్పుడు నాకు మొత్తం అర్థమైంది. నా మానాన నేను కష్టపడి తగ్గుతుంటే, ఆ కంపెనీ ఆ పేరు తన ఖాతాలో వేసుకుంటోంది. నా బరువు వాళ్ళకెలా తెలిసింది? యార్డులో ఎవరో వేగు ఉన్నాడు. గేటు దగ్గర జులాయి వెధవ ఒకడున్నాడు, వాడిమీదే నా అనుమానం. ఈ సంగతి నేను ఊరికే వదలను.

నిన్న కాటా మీద తొంభై ఎనిమిది పడింది అక్కా. బోర్డు మీది అంకె రెండుసార్లు చదివాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేపే ఆసుపత్రికి వెళుతున్నాను. ఇంటికి రావడానికి తోడు కావాలి కాబట్టి నీ మరదలు కూడా వస్తోంది.

నీ తమ్ముడు

తా.క. కొత్త ప్యాంటు అందింది. ఒక కాలు మోకాలి దాకా ఎక్కింది. నువ్వు కంగారులో ఎవరిదో కొలత వేశావు.

*

అక్కకి,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

ఆసుపత్రిలో నర్సు నన్ను బరువు పలక ఎక్కించింది. నూట పన్నెండు. ఒళ్ళు మండిపోయింది. దీనికి ముద్ర ఏదీ, అధికారి ఎప్పుడొచ్చాడు అని ఒంటికాలి మీద లేచాను. నర్సుకి విసుగొచ్చి, అమ్మా మీరొకసారి ఎక్కండి, పలకలో దోషముంటే తెలుస్తుంది అని నీ మరదల్ని పిలిచింది. ఆవిడ చెప్పులు విడిచి ఎక్కింది. అంకె పడింది. సరిగ్గానే ఉంది, పోయిన వారం కంపెనీ అమ్మాయి చూసినప్పుడు కూడా ఇంతే, మొదట్లో కన్నా పద్నాలుగు కిలోలు తక్కువ అంది నీ మరదలు.

అప్పటికి నా బుర్రలో దీపం వెలిగింది. ఖాళీ బండి బరువు నూట తొంభై అని మొదటి రోజు రాసుకున్నాను. మళ్ళీ తూచలేదు. లారీ అయితే ఏడాదికోసారైనా ఖాళీగా తూస్తాం. పద్నాలుగు కిలోలు తగ్గింది బండి. నేను నాలుగు పెరిగాను. నెలల తరబడి ఆవిడ కష్టాన్ని నా బరువులోంచి తీసేసుకుని సంబరపడ్డాను.

ఆ కంపెనీ ఆవిడ పగటిపూట వచ్చిందట. ఈ ఇంట్లో తగ్గాల్సిందెవరు అని అడిగితే, నీ మరదలు నేనే అందట. తనని ఆ మాట అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరట. నాకెందుకు చెప్పలేదు అన్నాను. రోజూ నా వెనకాలే కూర్చుంటారు, నడుం పట్టుకునే వస్తారు, చెప్పాలా అంది. సిగ్గుతో చచ్చిపోయాను అక్కా. మొదటి రోజు నుంచీ గమనిస్తూనే ఉన్నాను, నీ నోటితో చెబుతావేమోనని ఆగాను అని ఆవిడతో అనేశాను. ఆవిడ నమ్మింది. నువ్వు కూడా అదే మాట మీద ఉండు.

ఆపరేషను మూడు నెలలు వాయిదా వేశారు. కాటా గది సంగతి నువ్వేం బెంగపడకు. గది తాళంచెవి ఇంకా మన ఇంట్లోనే ఉంది.

నీ తమ్ముడు

తా.క. గేటు దగ్గరి వాడికి క్షమాపణ చెప్పాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు.

మరో తా.క. వదినగారికి, మీ మరదలు రాస్తున్నది. నమస్కారాలు. కవరు పోస్టు డబ్బాలో వెయ్యమని నాకిచ్చారు, అంటించడం మరిచిపోయారు. అంటిద్దామనే తీశాను. ఫీజు మీరు కట్టారని కంపెనీ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. తమ్ముడి కోసమని కూడా చెప్పింది, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన పళ్ళెం దగ్గర ఎవరి మాటా వినరని మీకు తెలుసు, కట్టిన డబ్బు వెనక్కివ్వరని నాకు తెలిసింది. వృథా ఎందుకని నేను చేరాను. చేరాక మాత్రం ఆయన చూస్తారని ఎదురుచూశాను. చీరలు మార్చాను, జడ మార్చాను. ఆయన చూడలేదు, కాటా చూసింది. పారెయ్యడం నాకిష్టముండదు కాబట్టి నా వాటా కూరంతా ఆయన పళ్ళెంలోనే వేశాను. అందులో నా తప్పుంది, కొంచెం కోపం కూడా ఉంది. ఇక మూడు నెలలు ఆయన పళ్ళెం నాది. టీ కూడా రాస్తాను.

ఆయన మీకు రాయని ముక్క ఒకటుంది. తాళంచెవి మన ఇంట్లోనే ఉంది, నా సంచిలో. సోమవారం నుంచి ఆ గదిలో నేను కూర్చుంటున్నాను. ఇన్నేళ్ళూ సాయంత్రం ఆయన దిగేదాకా కింద నిలబడి చూస్తూ అన్నీ నేర్చుకున్నాను, మెట్లు కూడా గబగబా ఎక్కుతున్నాను. ఆపరేషనయ్యాక గది ఆయనది ఆయనకే ఇస్తానని యజమానికి చెప్పాను. అప్పటిదాకా ఆయన గేటు దగ్గర స్టూలు మీద. కొత్త ప్యాంటు నాకు సరిపోయింది, ఆ మెట్లకి అదే హాయి. గదిలోకి వెళ్ళగానే రిజిస్టరు తీసి నూట తొంభై కొట్టేశాను. నిన్న సాయంత్రం ఆయన కిందనుంచి తలెత్తి ఏదో అడిగారు. ఇనుము మోతలో వినపడలేదు. మళ్ళీ అడిగారు, ఈ ప్యాంటు రంగు నీకు కొత్తగా ఉందేమిటి అని.