బొట్టు పెట్టిన మెషిన్

చింతామణి, గురువారం రాత్రి

సాయంత్రం వదినకు ఆయాసం ఎక్కువై ఊపిరాడలేదు. కరోనా కాలంలో కొని, ఒక్కసారీ వాడకుండా దాచిన ఆక్సిజన్ మెషిన్ బయటికి లాగి స్విచ్ వేశాను. టప్‌మని పేలి, పొగ కక్కి ఆగిపోయింది. అన్న పరుగున పోయి ఆటో పిలిచాడు. వదినను ఆస్పత్రికి తీసుకుపోయాం. గండం గడిచింది.

ఇంటికొచ్చి మూత విప్పితే, లోపల కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ ఉబ్బి పగిలి ఉంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే దాని లోపలి పొర దెబ్బతిని, ఒక్కసారిగా స్విచ్ వేస్తే పేలిపోతుంది. టీవీలు బాగుచేసి బతికే నాకు ఇది తెలియనిదా? అయినా మా ఇంట్లో మెషిన్‌కు అలా అవుతుందని తట్టనే లేదు. ఏటా ఆయుధ పూజకు దాన్ని శుభ్రంగా తుడిచి, విభూతి పట్టెలు, కుంకుమ బొట్టు పెట్టి, పూలు చుట్టి, మళ్లీ బట్ట కప్పేవాళ్లం. స్విచ్ మాత్రం ఎవరూ ముట్టలేదు. "వాడితే అరిగిపోతాది, ముట్టొద్దండి," అని వదినే కాపలా కాసేది.

మళ్లీ ఆస్పత్రికి క్యారియర్ తీసుకుపోతే, ఆమె మాస్కు పక్కకు జరిపి మెల్లగా అడిగింది.

"ఏమప్పా, మెషిన్ మీద మళ్లా బట్ట కప్పినారా?"

కప్పామని తలూపాను.