గులాబీ కస్తూరి అత్తరు

కొత్తపేట,
శుక్రవారం

బావా, దండాలు.

మీ తమ్ముడిని పోలీసులకు పట్టిచ్చింది మా పక్కింటి గుంటూరు వెంకట్రావు సారే అని గల్లీల అంటున్నరు. నేను జైలుకు పోయి కలిస్తే మీ తమ్ముడు సుత గదే అన్నడు. సారు కాదు బావా, నేనే.

తెలంగాణ ఉద్యమం కేసుల నెల దినాలు తప్పించుకొని తిరిగి ఇంటికొస్తే, నాకు పానమైన గులాబీ కస్తూరి అత్తరు ఆయన మెడకు రుద్దిన. పోలీసులొస్తే సజ్జ మీదికెక్కి దాక్కున్నడు. ఇల్లంత దేవులాడి పోతున్న ఎస్సై, గా ఘాటు వాసన పట్టుకొని సజ్జ కిందికొచ్చి ఆగిండు.

సారు వాళ్లు భయపడి రేపు ఇల్లు ఖాళీ చేస్తున్నరు. సారు భార్య వేదవతక్క నన్ను పట్టుకొని, "మీ ఆయన వచ్చేస్తాడమ్మా, ఏడవకు" అన్నది.

ఆయనకు మీరే నిజం చెప్పుండ్రి. అత్తరు సీసా పారేసిన్నని గూడ చెప్పుండ్రి.

పారెయ్యలే బావా. పారెయ్యబుద్ధి అయితలేదు.

మీ మరదలు