ఉప్పు లేని పథ్యం

కర్నూలు పెద్దాసుపత్రి, ఆదివారం

అన్నకు తమ్ముడు బొజ్జన్న మొక్కులు. నీ మరదలు హులిగెమ్మ బతికే ఉంది గానీ, గండం గడిచిందని డాక్టరు ఇంకా అనడం లేదు.

"ఒక కడుపులో రెండు మందులు పొసగవప్పా" అని నాటువైద్యుడు అన్నాడని, రెండేళ్లుగా మింగుతున్న కీళ్లనొప్పుల బిళ్లలు ఒక్కసారిగా మాన్పించి ఉప్పు లేని పథ్యం పెట్టాం కదా. అదే కొంప ముంచింది. ఇన్నాళ్లూ వాటి పని ఆ బిళ్లలే చేస్తుంటే మూత్రపిండాల మీది గ్రంథులు నిద్రపోయాయట. అవి లేవకముందే బిళ్లలు మానేస్తే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుందట. బిళ్లను సగం, పావు చేసుకుంటూ వాటిని మెల్లగా లేపాలట. ఆ మాట బిళ్లలిచ్చిన డాక్టరు మొదటే చెప్పాడు, మనమే చెవిన పెట్టలేదు. వాంతులతో పడిపోయినదాన్ని బండిలో బేతంచెర్ల స్టేషనుకు చేర్చేసరికి నాడి అందలేదు.

అమ్మ గాదెలో దాచిన బిళ్లల సీసా, ఒక దుప్పటి హుసేనప్ప చేత పంపు. ఏ బిళ్లలో ఇక్కడి డాక్టరు చూడాలట. ఎద్దులకు చొప్ప సరిపోతోందా? బావిలో నీళ్లు ఉన్నాయా?

నిన్న దానికి తెలివి వచ్చింది. నర్సు గంజిలో ఉప్పు వేస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "వద్దని చెప్పు, అత్త చూస్తే మళ్లీ కొడ్తాది" అంది. పథ్యంలో ఉండి ఉప్పు నాకిందని అమ్మ కొట్టిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కార్డు అమ్మకు చదివేటప్పుడు ఈ మాట దాటెయ్యమని రాయబోయాను. వద్దు, చదువు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. అమ్మకేం రాయాలో తోచడం లేదు.