పావుగంట కూర్చోబెట్టే పని

చెల్లాయ్ సోల్వెగ్‌కు అన్న ఆర్విడ్ దీవెనలు.

నా కోడిగీతల రాత, తప్పులు చూసి విసుక్కోకు. నేను కులాసా. చర్చి కింది హాల్లో రక్తదానం జరిగే రోజున, రక్తం ఇచ్చినవాళ్ళకు ఆపిల్ రసం, బిస్కెట్లు పెట్టి, కళ్ళు తిరక్కుండా పావుగంట కూర్చోబెట్టే పని ఆరేళ్ళుగా నాదే. ఈమధ్య డెల్మర్ అని ఒకాయన పక్క బల్ల దగ్గర ఇదే పనికి చేరాడు. "కూర్చోవయ్యా, నీ రక్తమే తీసుకున్నాం, కబుర్లు ఇంకా తీసుకోలేదు" అంటాడు. జనం అరగంటైనా కదలరు. ఆ నవ్వులు వింటుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

మొన్న నా బల్ల దగ్గర ఒకాయన, నేను పలకరించకపోయేసరికి గబగబా తాగి లేచి, గుమ్మంలో కళ్ళు తిరిగి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేపింది కూడా డెల్మరే. అక్కడ మా అందరికీ పనులు పంచే ఎనిడ్ "మీ దగ్గర జనం చావింటికొచ్చినట్టు కూర్చుంటారండీ. ఇంకొక్కసారి చూస్తాను, ఆ తర్వాత వెనక గదిలో పెట్టెలు సర్దుకోండి" అంది.

నాకు వెనక గది వద్దమ్మా. డెల్మర్ నవ్వు నాకు రాదు. కానీ నా బల్ల దగ్గర మనిషి పడిపోకూడదు కదా. నీ కాఫీ హోటల్లో కొత్తవాళ్ళు కూర్చోగానే ఏమంటావో నాలుగు మాటలు రాసి పంపు, బట్టీ పడతాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా? బావను అడిగానని చెప్పు. పిల్లలకు ఆశీస్సులు.

మళ్ళీ రక్తదానం పన్నెండో తారీఖున. ఈలోగా నాకు అందేటట్టు జవాబు రాయి.