ఎవరి మతం వాళ్ళకి

మార్తా,

ఉపనిషత్తులు చెబుతున్నంతసేపూ నువ్వు వాటిని నమ్మేదానివా? అన్నేళ్ళు పక్క క్లాసులోనే ఉండి కూడా ఆ మాట నిన్ను అడగలేకపోయాను.

మన ఫిలాసఫీ శాఖలో ఎవరి మతం వాళ్ళు చెప్పకూడదన్న పద్ధతి నువ్వు పెట్టిందే. గుణదల చర్చిలో ఏ ఆదివారమూ పూజ మానని నువ్వు వేదాంతం చెప్పావు, నేను బైబిలు చెప్పాను. నా క్లాసు కిటికీ దగ్గర నిలబడి విని, "మా ఫాదరుగారి కంటే నువ్వే నయమే శారదా! ఆదివారం వచ్చి ప్రసంగం చెప్పిపోరాదూ?" అని నవ్వేదానివి.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న కొత్త హెడ్‌గారు పిలిచి, "ఇకమీదట ఎవరిది వాళ్ళే చెప్పుకుందామండీ, ఏ గొడవా ఉండదు. మార్తాగారి పేపరు మీరు తీసుకోండి" అన్నారు. కాదనలేకపోయాను.

ఇవాళ నీ క్లాసులో కరెంటు లేదు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను పూర్తయితే ఈ కోతలుండవంటున్నారు. చెమటలు తుడుచుకుంటూ ఆత్మ గురించి మొదలుపెట్టాను. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "మీరిది నమ్ముతారా మేడమ్?" అంది. బైబిలు చెప్పినన్నాళ్ళూ నన్నెవరూ అలా అడగలేదు. నేను నమ్మనక్కర్లేదని అందరికీ తెలుసు. ఆ చాటున హాయిగా ఉండేదాన్ని.

"రేపు చెబుతానమ్మా" అని కిటికీ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ఆత్మకు చావు లేదని ఆ పిల్లకి చెప్పాలంటే, నువ్వు ఎక్కడో ఉన్నావని ముందు నేను నమ్మాలి. ఉన్నావని అనుకోవాలనే ఉంది మార్తా. అలా అనుకోవాలని ఉండటం, నమ్మటం ఒకటేనా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

శారద