గుండె కట్టే మేస్త్రీ

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ ఈయనా నేనూ క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఈ ఉత్తరం మధ్యలో ఇప్పటికే రెండుసార్లు లేచి, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచి వచ్చాను. కాలు ఒకచోట నిలవడం లేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింట్లో కారే కుళాయి బాగయింది. ఈయనకు రాత్రి డ్యూటీలు తప్పాయి. "చేపగుడ్లు చూడ్డానికి అంత చదువెందుకే?" అన్నావు. నవ్వొచ్చింది గానీ, చెప్తాను విను. ప్రాణుల జన్యువుల్లో కొన్ని మేస్త్రీలు. అవి తయారుచేసే ప్రోటీన్లు మిగతా జన్యువులను పనిలోకి దింపుతాయి, పనయ్యాక ఆపుతాయి. పిండంలో గుండెయినా, కన్నయినా ఏర్పడేది వాటి అజమాయిషీలోనే. గుండె పని చూసే మేస్త్రీని మేము ల్యాబులో చేపగుడ్డులోనే సూదిమందుతో పడుకోబెడతాం. ఇంకో పళ్లెంలోని గుడ్లను ముట్టుకోం. ఏ పళ్లెం ఏదో నాకు చెప్పరు, తెలిస్తే నా కన్ను పక్షపాతం చూపిస్తుందని. గాజులాంటి ఆ చేపపిల్లల్లో గుండె ఎలా కొట్టుకుంటోందో చూసి, ఏది ఏదో నేనే తేల్చాలి.

ఇక నువ్వు చివర్లో అడిగింది, విశేషమేమైనా ఉందా అని. ఉందమ్మా. ఐదో నెల. పోయినసారి ముందే చెప్పి, తర్వాత నిన్ను ఏడిపించాను. అందుకే ఈసారి నోరు కట్టేసుకున్నాను. తిట్టు, పడతాను.

మొన్న స్కానింగ్‌లో డాక్టరమ్మ తెర నావైపు తిప్పి, గుండెలో రెండు గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం ఉందని చూపించింది. నేనేం అడిగానో తెలుసా?

"ఇది ముట్టుకోని పళ్లెంలోదా, సూది వేసినదా?"

ఆవిడ నావైపు తిరిగి, "ఇది మీ బిడ్డమ్మా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు మాత్రం ఇంటికొచ్చాకే వచ్చింది.

ఇలాంటివి చాలావరకు వాటంతటవే పూడిపోతాయట. వచ్చే నెల మళ్లీ చూస్తారు. కానీ నా బుర్ర ఊరుకోదే. ఆ మేస్త్రీ జన్యువు దెబ్బతింటే మనుషుల్లోనూ ఇలాంటి రంధ్రం పడొచ్చని నాకు తెలుసు. అదే కారణమని డాక్టరమ్మ అనలేదు, నేనే అనుకుంటున్నాను. ఈయన ధైర్యం చెప్పబోతే కసురుతున్నాను. ల్యాబులో గుండె సరిగా రాని చేపపిల్లల్ని లెక్క రాసుకుని పారబోయడం మా పద్ధతి. నిన్న చెయ్యి రాక, పళ్లెం పట్టుకుని సింకు దగ్గరే నిలబడిపోయాను.

స్కానింగ్ గదిలోకి నాతో ఒక్కరినే రానిస్తారు. అమ్మ వస్తుందని ఈయనకు చెప్పేశాను. తెర మీద నాకు ఆ గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. బిడ్డను చూడ్డానికి నువ్వు రావాలి.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి