వంత లేని పాటలు

నందిగామ,
డిసెంబర్ 3

ఏలీయా అన్నయ్యకి,

వందనాలు. కోపంగా ఉన్నా వందనాలు మానకూడదని అమ్మ నేర్పింది కాబట్టి పెడుతున్నా. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్ చేస్తే నా గొంతు లేస్తుంది, నువ్వు "సరేలేమ్మా, సరేలే" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవుగా. కూర్చుని చదువు.

నీ క్రిస్మస్ పాటలు విన్నా. ఏడూ విన్నా. మా కోడలు జెరూషా ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి వినిపించింది. డప్పు లేదు, కీబోర్డు లేదు, కోరస్ లేదు. నీ హార్మోనియం, నీ గొంతు, అంతే. కన్వెన్షన్ పందిళ్లలో మైకు అదిరేలా పాడినవాడివి, డెబ్బై దగ్గర పడ్డాక పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడావు. బాగా పాడావు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఈ తర్వాత చెప్పేవన్నీ వేరే రకం మాటలు.

జనం ఏమంటున్నారో నీకెవరూ చెప్పి ఉండరు. నీ మొహం చూసి చెప్పరు. మా సంఘం కుర్రాళ్లు కేరల్స్‌కి ఆటో మీద మైకు కట్టుకుని బయల్దేరి నీ పాట పెట్టారు. రెండు వీధులు తిరిగారో లేదో తీసేసి గట్టి బీటున్న పాట పెట్టుకున్నారు. "తాతగారి పాటలకి కాలు కదలట్లేదు ఆంటీ" అన్నాడు ఒకడు. పాట కింద జనం రాసిన మాటలు జెరూషా చదివి వినిపించింది. "అంకుల్, డ్రమ్స్ యాడ్ చేయండి" అని ఒకరు. "క్రిస్మస్ అంటే సంతోషం కదా బ్రదర్, ఈ దిగులేంటి" అని ఇంకొకరు. వత్సవాయి నుంచి ఎవరో అమ్మాయి మాత్రం "మా నాన్న కూడా సున్నం బట్టీలో చేసేవారు, పాట మధ్యలో ఆపేసి కాసేపు కూర్చున్నా" అని రాసింది. ఆ అమ్మాయి ఎవరో గానీ చల్లగా ఉండాలి.

అందరికంటే సరైన మాట అన్నది మా పక్కింటి రాఘవమ్మ. ఆవిడకి మన పాటలూ ఒకటే, వాళ్ల భజనలూ ఒకటే, గోడ మీంచి ఏది వినిపిస్తే అది వింటుంది. "పాట బాగుంది గానీ జయమణీ, మీ అన్న ఊపిరి తీసుకోడా ఏందే? ఎవరో తరుముతున్నట్టు మాట మీద మాట పడేస్తన్నాడు" అంది.

ఆ మాట నిజం అన్నయ్యా. నీ పాట ఎన్నడూ అలా ఉండదు. నువ్వొక లైను పాడి ఆగుతావు. ఆ ఆగినచోట నేను. నా వంతకి మాటలు కూడా నువ్వు రాసేవాడివి కాదు. "నువ్వే చూసుకో" అనేవాడివి. నేను స్టేజీ మీద అక్కడికక్కడే జవాబు కట్టేదాన్ని. పోస్టర్ల మీద "ఏలీయా–జయమణి" అని రెండు పేర్లూ కలిపే వేసేవాళ్లు. కొత్త ఊళ్లలో మనల్ని మొగుడూపెళ్లాలనుకుని ఒకే గది ఇస్తే, నువ్వు నవ్వలేక నవ్వి, మీ బావని ముందుకు తోసేవాడివి.

ఇప్పుడు ఈ ఏడు పాటల్లో నాకు చోటే లేదు. లైను అయిపోగానే ఇంకో లైను. సందు కూడా వదల్లేదు. అమ్మ మీద రాసిన సున్నం పాటలో కూడానా? "గోడకు సున్నం వేసింది అమ్మ, మా గుడిసె తెల్లగా తెల్లారింది" అన్నావు. గోడ సంగతి రాశావు, చేతుల సంగతేది? నాన్న బట్టీ నుంచి తెచ్చిన సున్నం కలిపి కలిపి ఆవిడ చేతులు పొక్కిపోతే, క్రిస్మస్ ముందు రోజు కూర్చుని కొబ్బరినూనె రాసింది నేను. నువ్వు వెదురుబద్దలతో స్టార్ కడుతూ చూరెక్కి కూర్చున్నావు. నీకేం తెలుసు?

అసలు సంగతి కూడా రాసేస్తా, ఎవరికీ చెప్పని సంగతి. మీ బావ పోయాక పాట మానేశానని అందరితో అన్నా. నేనే మానేశా, నాకే వద్దు అన్నా. అబద్ధం. నువ్వొచ్చి "రావే" అంటావని చూశా. అక్టోబరులో వదిన చేసిన అరిసెలు పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, "క్రిస్మస్ పాటలు చేస్తున్నా జయా, ఇంట్లోనే, చిన్నగా" అన్నావు. నేను టీ పెట్టడానికి వెళ్లి పొయ్యి దగ్గరే నిలబడిపోయా. ఆ మాట వెనకాల ఇంకో మాట వస్తుందేమోనని. నువ్వు టీ తాగి, బస్సు టైమైందని లేచిపోయావు. నా గొంతు ఇప్పుడు జీరబోయింది, నిజమే. రికార్డింగుకి పనికిరాదనుకున్నావేమో. ఆ మాటే అని ఉంటే ఒకరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని.

కాబట్టి పద్నాలుగో తారీఖు మీ సంఘం సెమీ క్రిస్మస్‌కి నేను రాను. కొత్త చీర కూడా కొనలేదు. నీ పాటలు నువ్వు ఒక్కడివే పాడుకో, రికార్డులో పాడినట్టే.

నీ పాట నువ్వు వినే అలవాటు నీకు లేదుగా. ఒక్కసారి విను, నేనన్నది నిజమో కాదో తెలుస్తుంది.

నీ చెల్లెలు
జయమణి


జగ్గయ్యపేట,
డిసెంబర్ 16

జయమ్మకి,

నీ అన్నయ్య దీవెనలు. నువ్వు ఎప్పుడు పోస్టు చేశావో గానీ, నీ ఉత్తరం సెమీ క్రిస్మస్ మర్నాడు వచ్చింది. ఒక్కరోజు ముందు అంది ఉంటే బాగుండేది. అందలేదు. జరిగింది చెబుతా, మధ్యలో తిట్టకుండా విను.

పద్నాలుగు సాయంత్రం మందిరం నిండిపోయింది. సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ వాళ్లు కూడా వచ్చారు. మీ వదిన నీకోసం ముందు వరసలో కుర్చీ మీద చేతిసంచి పెట్టి ఉంచింది. ఎవరడిగినా "మా ఆడపడుచు వస్తంది, నందిగామ బస్సు లేటయి ఉంటది" అని చెప్పింది. నా వంతు వచ్చింది. సున్నం పాట ఎత్తుకున్నా. మొదటి లైను పాడి ఆగా. ఎప్పుడూ ఆగినట్టే.

నువ్వు లేవని తెలుసు. అయినా ఆగా. నా గొంతు అక్కడ ఆగిపోతుంది జయా, దానికి వేరే రకం తెలీదు. గుమ్మం వైపు చూశా. నువ్వు చెప్పులు విప్పుతూ అక్కడి నుంచే అందుకుంటావేమో అనుకున్నా. జగ్గయ్యపేట కన్వెన్షన్లో ఒకసారి అలాగే చేశావు కదా, పందిట్లోకి అడుగు పెడుతూనే. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు. ముందు వరసలో ఒకాయన నేను మాట మర్చిపోయాననుకుని "మా గుడిసె, మా గుడిసె" అని అందించాడు. ఎవరో దగ్గారు. పిల్లలు నవ్వారు. రెండో లైను పాడి మళ్లీ ఆగా. ఈసారి పాస్టరుగారు వచ్చి భుజం మీద చెయ్యేసి, "చాల్లెండి తాతగారూ, అలిసిపోయారు, కూర్చోండి" అన్నారు. మంచివాడే, జాలిపడ్డాడు. నేను హార్మోనియం మూసేలోపే కుర్రాళ్లు ట్రాక్ పెట్టేశారు. జనం చప్పట్లు కొట్టారు. మీ వదిన కుర్చీ మీంచి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

బయటికొచ్చాక రూబెన్ పట్టుకున్నాడు. పెళ్లి వీడియోలు తీసే రూబెన్, పాటలు రికార్డు చేసింది అతనే. మా ముందు గదిలో, సిమెంటు లారీల హారన్లు వినపడకుండా దుప్పట్లు కట్టి చేశాడు పాపం. "అదేంటి బాబాయ్, అక్కడక్కడా మీరు ఆగిపోయిన చోటల్లా నేను శుభ్రంగా కట్ చేసి కలిపేశా కదా. స్టేజీ మీద మళ్లీ ఆగారేంటి?" అన్నాడు.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే చెప్పుల దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయా. మర్నాడు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. రాఘవమ్మగారి మాట చదివి, జన్మలో మొదటిసారి నా పాట నేను విన్నా. ఆవిడ అన్నది నిజం. నువ్వన్నదీ నిజం. ఊపిరి లేదు అందులో.

రూబెన్ తప్పు లేదు. చప్పుడు లేని చోటు చూసి ముసలాయనకి ఆయాసం వచ్చిందనుకున్నాడు, నా పరువు కాపాడదామనుకున్నాడు. అది నీ చోటని నేను అతనికి చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

ఎందుకు పిలవలేదంటావు. బావ సమాధి దగ్గర, మట్టి వేశాక, పాస్టరుగారు నిన్ను ఒక పాట ఎత్తుకోమంటే ఏమన్నావో గుర్తుందా? "ఇక నా నోట పాట రాదు, నన్నెవరూ అడక్కండి" అన్నావు. అందరూ ఆ మాట మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు. అడగొద్దన్న మనిషిని ఎలా అడగను? అక్టోబరులో మీ ఇంట్లో టీ గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నీకేం తెలుసు. నోరు రాలేదు. అందుకే అడగకుండా ప్రతి పాటలో నీ చోటు ఉంచేశా. విని, ఉండబట్టలేక నువ్వే అందుకుంటావని. నీ కోపం నాకు తెలుసు, నీ గొంతూ తెలుసు. జీరబోయిన సంగతి కూడా తెలుసు, నాది మాత్రం బాగా ఏడ్చిందా? నీ గొంతు పనికిరాదని నేననుకున్నానని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క చదవలేకపోయా.

చేతుల సంగతి నాకు తెలియక కాదు. చూరు మీంచి చూశా, నువ్వు నూనె రాయడం. అది నీది కాబట్టి నేను రాయలేదు.

రూబెన్ కత్తిరించని పాటలు ఒక మెమరీ కార్డులో వేసి ఇచ్చాడు. ఉత్తరంతో పాటు ఈ కవర్లో పెడుతున్నా. అవే మళ్లీ జనానికి పెడతానంటున్నాడు. నువ్వు విని పెట్టమంటే పెడతాడు. నీకు ఇష్టం లేకపోతే ఉన్నవే ఉండనీ. నిన్ను రమ్మని మాత్రం ఇప్పుడూ అడగట్లేదు, బలవంతం చేసినట్టుంటుంది.

నీ అన్నయ్య
ఏలీయా


నందిగామ,
డిసెంబర్ 20

అన్నయ్యా,

నువ్వొట్టి మొద్దువి. ముందు ఆ మాట చెప్పి తర్వాత వందనాలు పెడుతున్నా.

మీ బావ పోయిన రోజు మట్టి చేతులతో అన్న మాట పట్టుకుని ఇన్నేళ్లు కూర్చుంటారా ఎవరైనా? ఆ రోజు ఆకలి లేదన్నా, అన్నం మానేశానా? ఒక్కసారి "జయా, పాడతావా" అంటే నీ సొమ్మేం పోయేది? ఆ, తెలుసు. నేను మాత్రం ఏం చేశా? పొయ్యి దగ్గర నిలబడి నువ్వు అడగాలని చూశా. నేనే ముందు గదిలోకొచ్చి "అన్నయ్యా, నేనూ పాడతా" అనొచ్చుగా. నాకూ నోరు రాలేదు. మనిద్దరం నోటితో బతికినవాళ్లం, ఏం లాభం.

కార్డు ఫోన్లో వేసి జెరూషా పెట్టింది. నువ్వు మొదటి లైను పాడి ఆగావు. లోపల గడియారం కొట్టుకోవడం, వీధిలో లారీ పోవడం, నువ్వు హార్మోనియం తిత్తి ఒత్తుతూ ఎదురుచూడటం, అన్నీ వినిపించాయి. నేను నోరు తెరిచా. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో ఖాళీలో ఏదో వచ్చింది, అది పాట కాదు. కోడలు భయపడి ఫోన్ ఆపబోయింది. ఆపొద్దన్నా. అలిగి ఇంట్లో కూర్చుని నా గొంతుని నేనే పాడుచేసుకున్నా అన్నయ్యా. రోజూ కాస్త సాధన చేసినా ఉండేది. ఎవరి మీద కోపంతో మానేశానో ఆ మనిషి నాకోసం ఆగి ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

అంతకంటే పద్నాలుగో తారీఖు నన్ను తినేస్తోంది. వదిన సంచి పెట్టిన కుర్చీ, గుమ్మం వైపు నీ చూపు, ఆ నవ్వులు. నేను ఆ సాయంత్రం ఏం చేస్తున్నానో తెలుసా? టీవీ ముందు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నా, పైగా మంచి పని చేశాననుకుంటూ. బస్సెక్కితే గంట ప్రయాణం కూడా కాదు. నిన్ను అందరిలో మతిమరుపు ముసలాణ్ని చేశా. ఆ సాయంత్రాన్ని ఇప్పుడు నేనేం చేసీ మార్చలేను.

రూబెన్‌కి చెప్పు, కత్తిరించనివే పెట్టమను. దగ్గేవాళ్లు దగ్గుతారు, డ్రమ్స్ అడిగేవాళ్లు అడుగుతారు. రాఘవమ్మకి కూడా వినిపించా. ఈసారి గోడ మీద గడ్డం ఆనించి మొత్తం విని, "ఇప్పుడు మనిషి పాడినట్టుంది" అంది. తర్వాత నా వైపు చూసి "ఆ మధ్యలో నువ్వేగా ఉండాల్సింది?" అంది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇరవై ఐదు పొద్దున మొదటి బస్సుకి వస్తున్నా. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నా. శ్రుతి రెండు మెట్లు దించి పెట్టు, పాత శ్రుతిలో నేనిక అందుకోలేను. ఆరు పాటల్లో నా చోటు ఖాళీగానే ఉండనీ, వాటికి నా గొంతు చాలదు. సున్నం పాటలో ఒక్కచోట పాడతా. మాట కట్టా. నువ్వు "గోడకు సున్నం వేసింది అమ్మ" అని ఆగితే, నేను ఇలా అందుకుంటా:

"చేతులు మండినా చెప్పదు అమ్మ."

జీరగానే వస్తుంది. నువ్వు మాత్రం కంగారుపడి నా లైను అయ్యేదాకా రెండోది ఎత్తుకోకు.

నీ
జయ